రోటావేటర్‌కు మూడు ముళ్ళు

వాన పడాలంటే ముందుగా ఎవరి అనుమతీ తీసుకోనక్కర్లేదన్న పాత పద్ధతి అనంతపురం జిల్లాలో ఇంకా అమలులో ఉండడం వల్లనే ఎర్రగుట్లపల్లికి ఇంత చిక్కు వచ్చిపడిందని మొదటే మనవి చేసుకోవాలి. ఏరువాక పున్నమి వెళ్ళిన మర్నాడు సాయంత్రం, ఏ ఆఫీసుకూ కబురు పెట్టకుండా, షామియానా వేయకముందే, ఒక్క దండైనా వేయించుకోకుండా వాన వచ్చింది. వచ్చి ఊరుకుందా అంటే అదీ లేదు. పెద్దా చిన్నా తేడా చూడకుండా అందరి చేన్ల మీదా సమానంగా కురిసింది. కురిసి, ఫోటో కూడా దిగకుండా వెళ్ళిపోయింది. ఇంత క్రమశిక్షణ లేని వానను ఏం చేసుకోవాలో తెలియక, ఎర్రగుట్లపల్లి రైతు యంత్ర సేవా సంఘం అధ్యక్షుడు శ్రీరంగప్ప వాకిట్లో నిలబడి తల గోక్కున్నాడు.

శ్రీరంగప్ప సామాన్యుడు కాడు. సంఘం పెట్టిన రోజున పని ఉన్నవాళ్ళంతా చేన్లలో ఉండిపోవడంతో ఆయన ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. ఆనాటి నుంచి తెల్లచొక్కా తప్ప ఇంకోటి తొడగలేదు. గుట్ట కింద ఆయనకు చేను ఉంది. కానీ అధ్యక్షుడయ్యాక చేనికి వెళ్ళినప్పుడల్లా చొక్కాకు ఎర్రమన్ను అంటుతోందని, వీలైనంతవరకు దూరం నుంచే సేద్యం చేస్తున్నాడు. దగ్గర నుంచి చేయవలసిన సేద్యం భార్య హనుమంతమ్మ చూసుకుంటుంది. ఎండాకాలమంతా కూర్చుని ఆమె విత్తనం శెనక్కాయలు ఒలిచింది. బొటనవేళ్ళు పుండ్లు పడితే గుడ్డపేలిక చుట్టుకుని మరీ ఒలిచింది. ఒలిచిన గింజ మరుసటి ఏడుకు ఆగదు. ఈ వానకు నేలలో పడిందా, ఏడాది తిండి. పడలేదా, ఆ పూటకు తిండి. ఆ ఇంట్లో సంగతి ఇంతే, ఇంతకన్నా దాపరికం ఏమీ లేదు.

పట్నంలో ఉండే పాఠకుల కోసం ఒక మాట. వాన కురిశాక విత్తనం వేయడానికి సరిపోయే తడి నేలలో ఉంటే దాన్ని పదును అంటారు. ఎర్ర నేలల్లో పదును అల్లుడి లాంటిది కాదు, వచ్చిన చోట తిష్ఠ వేయడానికి. వచ్చీ రాగానే చెప్పులు వెతుక్కుంటుంది. జ్యేష్ఠమాసపు గాలి దాని చెయ్యి పట్టుకుని లాగుతూనే ఉంటుంది. ఆ కాస్త సందులో దున్ని విత్తనం వేసినవాడు రైతు. వేయనివాడు కూడా రైతే, కాకపోతే అతనికి పంట ఉండదు.

అయితే దున్నడానికేం, ఎద్దులు లేవా అని మీరు అడగవచ్చు. ఉండేవి. రాయితీ మీద ఊరికి రోటావేటర్ మంజూరైందన్న వార్త రాగానే శ్రీరంగప్ప మీటింగు పెట్టి, "ఎద్దులుండే ఊరికి యంత్రమిచ్చినామని తెలిస్తే ఇచ్చినోళ్ళకు అవమానం కాదా అప్పా?" అని అడిగాడు. ఊరు ఆలోచించింది. నిజమే, అవమానమే. దాంతో ఎర్రగుట్లపల్లి ఎద్దులన్నీ గుమ్మఘట్ట దాటి కన్నడ సంతకు నడిచాయి. ఆఖరి జత శ్రీరంగప్పదే. హనుమంతమ్మ వాటికి బొట్టు పెట్టి, ఒళ్ళు నిమిరి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. సంతలో బేరగాడు ముందు ఎద్దుల పళ్ళు చూశాడు, తర్వాత శ్రీరంగప్ప ముఖం చూశాడు, రెండోదాన్ని చూసి ఎక్కువసేపు నవ్వాడు. ఎద్దులు లాగే చెక్క మడకలు, గుంటకలు పొయ్యిలోకి పోయాయి. అభివృద్ధి అంటే వెనక్కి తిరిగి చూడకపోవడమని అందరం వింటూనే ఉన్నాం కదా. ఎర్రగుట్లపల్లి విని ఊరుకోలేదు, ఆచరించింది.

తర్వాత రోటావేటర్ వచ్చింది. మంచి యంత్రం, దాన్ని అనడానికి లేదు. ఇనుప గొట్టం చుట్టూ వంకర కత్తులు, పైన గేర్ బాక్స్, ట్రాక్టర్ బలాన్ని దానికి అందించే షాఫ్ట్. ట్రాక్టర్ వెనక తగిలిస్తే కత్తులు గిర్రున తిరిగి గడ్డల నేలను పిండి చేస్తాయి. ఊళ్ళో ఉన్న ఒకే ఒక ట్రాక్టర్ దాదాపీర్‌ది. కంపెనీ మెకానిక్ వచ్చి, దాదాపీర్‌తో ట్రాక్టర్‌ను వెనక్కి రప్పిస్తూ, "మూడు చోట్ల తగిలించాల. కింద రెండు, పైన ఒకటి. మూడు పిన్నులు వేస్తే అయిపాయె" అన్నాడు.

శ్రీరంగప్ప చెయ్యెత్తి ఆపాడు.

"మూడా?"

"మూడే."

"అయితే ముహూర్తం పెట్టాల" అన్నాడు శ్రీరంగప్ప.

మూడు ముళ్ళకు ముహూర్తం చూడని ఇల్లు ఈ దేశంలో లేదు. మూడు పిన్నులకు మాత్రం ఎందుకు చూడకూడదు? అయ్యవారు పంచాంగం తిరగేసి లగ్నం పెట్టాడు. ట్రాక్టర్‌ను తూర్పు ముఖంగా నిలిపి రేడియేటర్‌కు బాసికం కట్టారు. రోటావేటర్‌కు పసుపు రాసి, మెడ ఎక్కడుందో తేలక గేర్ బాక్స్‌కే పూలదండ వేశారు. ఒక్కొక్క పిన్ను వేసినప్పుడల్లా డోలు మోగింది. "మాది మగపెళ్ళివారి పక్షమా అన్నా? అయితే నాకు మర్యాదలేవీ?" అని దాదాపీర్ అడిగితే అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఎవరూ గమనించలేదు కానీ, ఆ పూటతో ఊరి ఏకైక ట్రాక్టర్ సంసారి అయిపోయింది. ఇక ఇంకో పనిముట్టు వైపు కన్నెత్తి చూడరాదు.

మెకానిక్ ఇంకొక్క మాట చెప్పాడు. షాఫ్ట్ ఈ ట్రాక్టర్‌కు పొడుగైందని, కొలిచి కొంచెం కోయాలని, కోయకుండా యంత్రాన్ని పైకి లేపితే షాఫ్ట్ పోయి గేర్ బాక్స్‌ను తన్ని పగలగొడుతుందని అన్నాడు. శ్రీరంగప్ప జాలిగా చూశాడు. "పెద్దోళ్ళొచ్చి రిబ్బన్ కోయకముందే మనం షాఫ్ట్ కోసేది యాడన్నా ఉండాదా అప్పా? రిబ్బన్ అయినాక ఏం కోసుకుంటావో కోసుకో" అన్నాడు. మెకానిక్‌కు ఇంకో ఊరు వెళ్ళవలసి ఉంది. వెళ్ళిపోయాడు.

ఏరువాక పున్నమి నాడు ఎద్దుల కొమ్ములకు రంగులద్ది, గజ్జెలు కట్టి, పొంగలి తినిపించడం ఆనవాయితీ. ఎద్దులు లేనంత మాత్రాన ఆనవాయితీ తప్పుతుందా? కత్తులకు ఒక్కోదానికి ఒక్కో రంగు వేశారు. షాఫ్ట్‌కు గజ్జెలు కడదామంటే దాని మీద ఉన్న ప్లాస్టిక్ తొడుగు అడ్డమొచ్చింది. మనుషుల గుడ్డలు చుట్టుకుపోకుండా కంపెనీవాళ్ళు పెట్టిన తొడుగు అది. ఊడబీకి పక్కన పారేశారు. ఇక పొంగలి ముద్ద పట్టుకుని శ్రీరంగప్ప గేర్ ఆయిల్ పోసే రంధ్రం దగ్గరికి వస్తుంటే, దాదాపీర్ రెండు చేతులూ అడ్డం పెట్టి, "దీనికి ఆకలి లేదన్నా, నాకు పెట్టు" అని ముద్ద లాక్కుని తినేశాడు. ఊరికి ఆ రోజు జరిగిన మేలు అదొక్కటే.

ఆ మర్నాడే, ముందే మనవి చేసినట్టు, వాన పడింది.

తెల్లవారేసరికి విత్తనం మూటలతో జనం బడి ముందరికి వచ్చారు. పెళ్ళి బట్టలతో ట్రాక్టర్, రోటావేటర్ అక్కడే ఉన్నాయి. దాదాపీర్ తాళం చెవి తిప్పబోయాడు. శ్రీరంగప్ప బండికి అడ్డం నిలబడి, సెల్లు తీసి ఓబిలేష్‌కు ఫోన్ చేశాడు. ఓబిలేష్ అంటే చంద్రమోహన్ గారి కార్యక్రమాలు చూసే మనిషి. చంద్రమోహన్ గారంటే నాయకుడు. ఆయన ఏదో కార్పొరేషన్‌కు డైరెక్టరు. ఆ కార్పొరేషన్ ఏం చేస్తుందో ఆయనకూ కచ్చితంగా తెలియదు కానీ, చుట్టుపక్కల ఏ వస్తువైనా ఆయన రిబ్బన్ కోయనిదే పని చేయదన్నది అందరికీ తెలుసు.

"సారు రేపే వస్తాడు" అన్నాడు ఓబిలేష్.

"రేపే అంట" అని శ్రీరంగప్ప ఊరికి చాటాడు. ఊరు మూటలు తీసుకుని ఇంటికి పోయింది.

శ్రీరంగప్ప మాత్రం చెప్పులు చేతబట్టుకుని గుట్ట కింద చేనికి వెళ్ళాడు. పిడికెడు మన్ను తీసి నొక్కాడు. మెత్తని ఉండ అయింది. అధ్యక్షుడైనా రైతు బిడ్డే కదా, ఆ ఉండను చూసి ఆయన గుండె నిండిపోయింది. ఇలాంటి పదును చూసి ఎన్నేళ్ళయిందో.

రేపు వచ్చింది కానీ సారు రాలేదు. ఆ రోజు తిథి మంచిది కాదట. ఆ మర్నాడు తిథి మంచిదే కానీ సారుకు కప్పవలసిన శాలువా సిద్ధం కాలేదు. ధర్మవరంలో మగ్గం మీద ఆయన పేరునే బుటాలుగా వేసి నేస్తున్న పట్టు శాలువా అది. పేరు పొడుగు. అందులోనూ ఇంటిపేరుతో సహా నేయమన్నారు. నేత హడావుడిగా సాగేది కాదు కాబట్టి నేలలో తడి కాస్త ఓపిక పట్టాలని నిర్ణయమైంది. శాలువా పూర్తయ్యేసరికి సారు పుట్టపర్తిలో బంధువుల గృహప్రవేశానికి వెళ్ళారు. అక్కడి నుంచి వచ్చేసరికి ఫోటోలు తీసే మనిషి ఇంకో పెళ్ళిలో ఉన్నాడు. ఇవన్నీ న్యాయమైన కారణాలే. ఒక్కదాన్నీ తప్పు పట్టడానికి లేదు.

హనుమంతమ్మ మాత్రం తప్పు పట్టింది. ఆమెకు లోకజ్ఞానం తక్కువ.

"ఏమయ్యా, ఆ యంత్రాన్ని దున్నేదానికి తెచ్చినారా, కూసోబెట్టి సూసుకునేదానికి తెచ్చినారా? వానదేవుడు పంచాంగం చూసే పడినాడా?"

"నీకు తెల్దులే మే. సంఘమంటే ఒక పద్ధతి ఉంటాది."

"పద్ధతి తినొచ్చునా? ఉడకబెడితే ఉడుకుతాదా? నా ఏళ్ళు చూడు. ఈ ఏళ్ళతో ఒలిచిన ఇత్తనాలయ్యా అవి."

శ్రీరంగప్ప ఆ వేళ్ళ వైపు చూడలేదు. చూస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

దాదాపీర్ కూడా ఊరుకోలేదు. పక్క ఊళ్ళ ట్రాక్టర్లు వాళ్ళ వాళ్ళ చేన్లలో రాత్రీ పగలూ తిరుగుతుంటే, తన బండి బాసికం కట్టుకుని ఎండలో నిలబడడం చూసి అతని కడుపు మండిపోయింది. బడి ముందర అందరూ ఉండగానే అన్నాడు: "రంగప్పన్నా, మూడు పిన్నులూ పీకేస్తా. బండికి తగిలించే నా పాత ఇనుప గుంటక, ఇత్తనమేసే గొర్రు ఇంట్లోనే ఉండాయి. తగిలించుకోని బిరీన ఊరంతా ఇత్తేస్తా. మీ సారొచ్చే ముందర మళ్ళీ ఈ పెండ్లికూతుర్ని తెచ్చి తగిలిస్తా. ఎవురికి తెలుస్తాది?"

జనంలో గాలి ఆడినట్టు కదలిక వచ్చింది. మళ్ళీ విత్తనం మూట తెచ్చుకున్న రైతు చెన్నప్ప దాని మీద చెయ్యి వేశాడు. కోళ్ళు పెంచుకునే హనుమక్క లేచి నిలబడింది.

"మూడు ముళ్ళు పడినాక విప్పుతారా అప్పా?" అన్నాడు శ్రీరంగప్ప. "ఊరికి అరిష్టం కాదా? రేపు ఎవురికన్నా ఏమన్నా అయితే, విప్పమన్నది నేనేనని ఒప్పుకునేవాడు ఎవుడో ఇప్పుడే ముందరికి రాండి."

ఎవరూ రాలేదు. చెన్నప్ప మూట మీద నుంచి చెయ్యి తీశాడు. హనుమక్క కూర్చుంది. ఊరంతా మునిగిపోయినా సరే కానీ, మునగడానికి కారణం ఫలానావాడన్న మాట మాత్రం పడకూడదన్నది మన పల్లెల్లో తరతరాలుగా వస్తున్న ఇంగితం. పల్లెల్లోనేనా అని మీరు అడిగితే నేను చెప్పను.

ఆ పూట శ్రీరంగప్ప చేన్లో మన్ను నొక్కితే ఉండ అయింది కానీ, వేళ్ళు తీయగానే బీటలిచ్చింది.

ఆ మర్నాడు తెల్లవారుజామున, పాలవాళ్ళు కూడా లేవకముందు, ఆయన ఒక్కడే బడి దగ్గరికి వచ్చాడు. ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకున్నాడు. వంగి, కింది పిన్ను మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉంది. లాగితే వచ్చేస్తుంది. ఒక్కసారి లాగి, దాదాపీర్‌ను లేపి, పొద్దు పొడిచేలోగా గుట్ట కింద చేను విత్తేస్తే చాలు. అరిష్టం వస్తే తన నెత్తినే రానీ. హనుమంతమ్మ బొటనవేళ్ళు కళ్ళ ముందు కదిలాయి. నిజం చెప్పాలంటే శ్రీరంగప్ప జీవితంలో మొదటిసారిగా, ఎవరూ చూడకుండా, పైసా ఖర్చు లేకుండా మంచి రైతు కాబోతున్నాడు. పిన్ను కొంచెం కదిలింది కూడా.

జేబులో సెల్లు మోగింది.

"రంగప్పన్నా, సారు ఖాయంగా వస్తాండాడు" అన్నాడు ఓబిలేష్. "వేదిక మీద కుర్చీలు రెండే వేయించమన్నాడు. ఒకటి సారుకు. ఇంకోటి ఎవురికి చెప్పు?"

"ఎవురికి సార్?" అన్నాడు శ్రీరంగప్ప.

"నీకే."

శ్రీరంగప్ప పిన్నును మళ్ళీ లోపలికి నెట్టి, పైపంచెతో తుడిచి, దండం పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. దారిలో మన్ను చూడలేదు.

చివరికి సారు వచ్చేరోజు ఖాయమయ్యేసరికి మన్ను నొక్కవలసిన అవసరం కూడా పోయింది. పిడికిట్లోకి తీస్తే వేళ్ళ సందుల్లోంచి పొడిగా జారిపోతోంది. కింద నేల బండలా బిగిసింది. ఓబిలేష్ ముందురోజు వచ్చి, రోడ్డు పక్కన శ్రీరంగప్పకు విడిగా ఉన్న చిన్న తునక నేలను చూసి, మడమతో తన్ని, "ఇట్లుంటే సారు తోలితే ఎగిరెగిరి పడతాది. ఫోటోలో బాగుండదు. మన్ను ఎర్రగా, మెత్తగా లేచి రావాల" అన్నాడు. ఆ వెంటనే ఊరికి రావలసిన తాగునీటి ట్యాంకర్లు చేనివైపు తిరిగాయి. బిందెలు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళు ఆ ట్యాంకర్లు తమ ముందు నుంచే వెళ్ళిపోతుంటే గౌరవంగా పక్కకు తప్పుకున్నారు. ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ తునకంతా తడిసి ముద్దయ్యేదాకా పోశాయి. ట్యాంకర్ దగ్గర బిందెడు నీళ్ళకు కొట్టుకునే ఊరు అది. ఆ రోజు ఒక్కరూ నోరు తెరవలేదు, ఎందుకంటే పోసేది పెద్దపనికి.

సారు వచ్చారు. శాలువా కప్పారు. ఇంటిపేరుతో సహా ఆయన భుజాల మీద మెరిసిపోయింది. రెండో కుర్చీలో శ్రీరంగప్ప కూర్చున్నాడు, ఇంకొకరు కూర్చోగలిగేంత స్థలం వదిలి, అంచు మీద. చంద్రమోహన్ గారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! రైతు దేశానికి వెన్నెముక అంటారు. నేను అలా అనను. వెన్నెముక వెనక ఉంటుంది. నా రైతు ముందుండాలి! రైతు కంట్లో నీరు చూస్తే నేను తట్టుకోలేను. అందుకే నేను పల్లెలకు ఎక్కువగా రాను. కరువు, కరువు అని కొందరు గిట్టనివాళ్ళు ప్రచారం చేస్తున్నారు. ఏదీ కరువు? ఈ నేల చూడండి! ఎంత తడి! ఇదిగో, నా చెప్పులకు అంటిన ఈ బురదే వాళ్ళకు సమాధానం!"

ఖాళీ బిందెలు పక్కన పెట్టుకుని జనం చప్పట్లు కొట్టారు. బిందె చేతిలో ఉంటే చప్పట్లు కొట్టడం కుదరదు కదా.

రిబ్బన్ కోశాక సారు స్వయంగా ట్రాక్టర్ ఎక్కారు. పక్కన మెట్టు మీద దాదాపీర్ నిలబడ్డాడు. బండి కదిలింది, షాఫ్ట్ తిరిగింది, గజ్జెలు ఘల్లుఘల్లుమన్నాయి, రంగురంగుల కత్తులు ఎర్రమన్నును అప్పడాల పిండిలా చిమ్మాయి. చూడముచ్చటగా ఉంది. అంతలో సారు భుజం మీద నుంచి జారిన శాలువా కొస, తొడుగు లేని షాఫ్ట్‌కు తగిలింది. రెప్పపాటులో శాలువా మొత్తం అటు పోయింది. దాదాపీర్ క్లచ్ మీద కాలు వేసి గట్టిగా తొక్కకపోతే శాలువాతో పాటు సారు కూడా పోయేవారు. "అల్లా!" అన్నాడు దాదాపీర్. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని జనం ఇంకోసారి చప్పట్లు కొట్టారు. పట్టు శాలువా చుట్టుకుని యంత్రం ధగధగలాడింది. ఆ రోజు అక్కడ సన్మానం పొందినవాళ్ళలో కాస్తో కూస్తో పని చేసింది అదొక్కటే కాబట్టి, ఎవరూ ఆక్షేపించలేదు.

శాలువా పేలికలు విప్పి తీశాక, ఫోటో సరిగా రాలేదని మళ్ళీ తోలించారు. ఈసారి తునక చివరకు చేరగానే, వెనక్కి మళ్ళడానికి సారు తనంతట తానే లీవరు పట్టుకుని యంత్రాన్ని ఒక్కసారిగా పైకి లేపారు. "ఇప్పుడొద్దు సార్!" అని దాదాపీర్ అరిచేలోపే, కోయకుండా వదిలేసిన షాఫ్ట్ పోయి గేర్ బాక్స్‌ను తన్నింది. ఢామ్మని చప్పుడైంది. మెకానిక్ చెప్పినచోటే, చెప్పినట్టే పగిలింది. నల్లని నూనె ఎర్ర మన్నులోకి కారుతుంటే జనం నోరు తెరుచుకుని చూశారు.

"చూస్తారేమప్పా, కొట్టండి చప్పట్లు!" అన్నాడు ఓబిలేష్.

కొట్టారు.

కార్లు వెళ్ళిపోయాయి. పులిహోర పొట్లాల కోసం తోపులాట జరుగుతుండగా హనుమంతమ్మ ఒడిలో విత్తనం పోసుకుని వచ్చి, రోటావేటర్ దున్నిన ఆ చిన్న తునకలో ఒంగి ఒక్కొక్క గింజా నాటడం మొదలుపెట్టింది. శ్రీరంగప్ప గబగబా వచ్చాడు.

"ఏమే, ఇది ప్రారంభోత్సవం చేసిన జాగా!"

"ఊరంతా గొంతు ఎండబెట్టుకోని పోసిన నీళ్ళయ్యా ఇవి. ఎట్ల ఇడిచిపెట్టేది?" అంది ఆమె, తల ఎత్తకుండా.

ఆ తర్వాత వాన రాలేదు. గుట్ట కింద చేను బోసిగా ఉండిపోయింది. ఊరంతా అంతే. మిగిలిన విత్తనం గింజలను హనుమంతమ్మ ఒకరోజు పెనం మీద వేయించి, పళ్ళెంలో పోసి భర్త ముందు పెట్టింది. శ్రీరంగప్ప ఒక గింజ నోట్లో వేసుకుని నమిలాడు. బాగా వేగింది, కమ్మగా ఉంది. రెండోది నమలలేకపోయాడు. ఏడుపు వచ్చింది. తెల్లచొక్కా చేతితో ముఖం కప్పుకుని పసిపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపుకు ఫోటో తీసేవాళ్ళెవరూ లేరు.

కానీ రోడ్డు పక్కన ఆ తునక మాత్రం మొలిచింది. చుట్టూ ఎర్రగా, బూడిదగా ఉన్న నేలలో ఆ ఒక్క ముక్క పచ్చగా నిగనిగలాడింది. సంబంధిత వర్గాలు వచ్చి దాని ముందు ఫోటోలు దిగాయి. పగిలిన రోటావేటర్ బడి వెనక తుప్పు పడుతున్నా, "ఆధునిక యంత్రసేద్యంతో ఎర్రగుట్లపల్లిలో పచ్చదనం" అని పత్రికలో వచ్చింది. శ్రీరంగప్పకు ఆదర్శ రైతు అని కాగితమిచ్చి, శాలువా కూడా కప్పారు. ఈసారిది నూలుది. ఆ పచ్చని ముక్క పక్కనే బస్సెక్కే ఊరు దాన్ని రోజూ చూసింది. చూసి, మెల్లగా అర్థం చేసుకుంది.

ఈ ఏడు మళ్ళీ జ్యేష్ఠం వచ్చింది. పూర్వం వాన ఆలస్యమైతే ఎర్రగుట్లపల్లిలో కప్పలకు పెళ్ళి చేసి ఊరేగించేవారు. అది మూఢనమ్మకమని ఊరు తెలుసుకుంది. నీళ్ళు ఎవరి వెంట వస్తాయో, ఎక్కడ పడతాయో కళ్ళారా చూసిన ఊరు కదా. కాబట్టి ఇప్పుడు మబ్బు వైపు ఎవరూ చూడడం లేదు. ఎవరి చేన్లో వాళ్ళు ప్రారంభోత్సవానికి ఏర్పాట్లు చేసుకుంటున్నారు. చెన్నప్ప పాత పారకు రంగు వేసి రిబ్బన్ కట్టాడు. హనుమక్క కోళ్ళగంపకు శిలాఫలకం చెక్కించింది. దాదాపీర్ గుంటక, గొర్రు అమ్మేసి ట్యాంకర్ కొన్నాడు, "సేద్యమంతా దీంట్లోనే ఉండాదన్నా ఇప్పుడు" అంటాడు. శ్రీరంగప్ప ఆహ్వాన సంఘానికి ఏకగ్రీవంగా అధ్యక్షుడయ్యాడు. హనుమంతమ్మ ఈసారి శెనక్కాయలు ఒలవలేదు. సంచి మూలన అట్లే పెట్టి ఉంచింది. ఒలవవేమే అని శ్రీరంగప్ప అడిగితే, "సారు తారీకు చెప్పనీలే, ఆ మాటు ఒలుస్తా" అంది.

నవ్వుతున్నారు కదూ? నవ్వండి. నవ్వడం అయ్యాక, మీ వీధిలో గుంతలు ఎప్పుడు పూడ్చారో, ఆరిపోయిన దీపం ఎప్పుడు వెలిగిందో, మురిక్కాలవ పక్కన సున్నం ఎప్పుడు చల్లారో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు మీ వీధికి ఎవరు వచ్చారో కూడా గుర్తుకొస్తుంది. దండ పట్టుకుని ముందు వరసలో నిలబడింది ఎవరో మాత్రం గుర్తుకు రాకపోతే, మీ ఇంట్లో ఆ ఫోటో ఉండే ఉంటుంది, తీసి చూసుకోండి.